కోత పటం ఎక్కడ గీయాలి: కాగితం మీదా, కంప్యూటరులోనా, చెక్క మీదేనా?

2400ను 4తో భాగిస్తే 600. ఈ లెక్కను నమ్మి ఒకసారి 2400 మి.మీ. పలకను నాలుగు అరలుగా కోయడం మొదలుపెట్టాను. ప్రతిసారీ 600 కొలిచి, గీత గీసి, కోశాను. మూడు ముక్కలు సరిగ్గా వచ్చాయి. చేతిలో మిగిలిన నాలుగోది 591. తక్కువైన 9 మిల్లీమీటర్లు ఎక్కడికీ పోలేదు, రంపపు పొట్టుగా నా కాళ్ల దగ్గరే పడి ఉన్నాయి. రంపం కోత మందం 3 మి.మీ., కోతలు మూడు. ఆ ఒక్క అర కోసం కొత్త పలక కోయాల్సి వచ్చింది. దాంట్లో మిగిలిన 1797 మి.మీ. ముక్క చాలా కాలం గోడకు ఆనుకుని నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

అప్పటినుంచి, ఏ ముక్క ఎక్కడి నుంచి రావాలో గీసుకోకుండా రంపం పట్టుకోవడం మానేశాను. గీసుకోవడానికి దారులు మాత్రం ఒకటి కాదు. గళ్ల కాగితం ఉంది. కోత లెక్కలు వేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. సుద్దముక్కతో చెక్క మీదే గీసే పాత పద్ధతి ఉంది. కొలతల చీటీ ఇచ్చి కోయించి తెచ్చుకునే వీలూ ఉంది. వీటిలో ఏది మేలన్నది మీ చేతి పనితనాన్ని బట్టి కాక, మీ ముందున్న సరుకును బట్టి తేలుతుంది. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) లాంటి షీట్లకు ఒక దారి, చెట్టు నుంచి కోసిన కలపకు ఇంకో దారి. ఒకదానికి నప్పే పద్ధతిని రెండోదాని మీద ప్రయోగించినప్పుడే ఎక్కువ చెక్క పాడవడం నేను చూశాను.

శాతం చూసి మురిసిపోవద్దు

రెండు కోత పథకాలను పోల్చేటప్పుడు అందరి కళ్లూ ముందు వెళ్లేది తరుగు శాతం మీదికే. సాఫ్ట్‌వేర్లు కూడా దాన్నే ప్రముఖంగా చూపిస్తాయి. కానీ ఒకే షీటులోంచి అవే ముక్కలు కోస్తున్నప్పుడు, వాటిని ఎలా అమర్చినా ముక్కల వైశాల్యం మారదు, షీటు వైశాల్యమూ మారదు. కాబట్టి శాతం కూడా మారదు. అది మారేది వాడే షీట్ల సంఖ్య మారినప్పుడే. షీట్లు సమానంగా పట్టే రెండు పథకాల మధ్య అసలు తేడా, మిగిలిన చెక్క ఏ ఆకారంలో మిగిలిందన్నదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. షీటు 2440 × 1220 మి.మీ. (వాడుకలో ఎనిమిది నాలుగుల షీటు). రంపం కోత మందం 3.2 మి.మీ. కావలసినవి 600 × 400 ముక్కలు ఐదు, 600 కొలత షీటు పొడవు వైపే ఉండాలి. మొదటి పథకంలో షీటును నిలువునా 400 వెడల్పు పట్టీలుగా చీలుస్తాం. మొదటి పట్టీలో నాలుగు ముక్కలు, రెండో పట్టీలో ఒకటి వస్తాయి. చివరికి 1836 × 400 పట్టీ ఒకటి, 2440 × 413 పట్టీ ఒకటి మిగులుతాయి. రెండో పథకంలో ముందు అడ్డకోతతో 600 వెడల్పు పలకలు రెండు తీసి, మొదటిదాన్నుంచి మూడు ముక్కలు, రెండోదాన్నుంచి రెండు కోస్తాం. ఇప్పుడు మిగిలేది 1233 × 1220, అంటే దాదాపు సగం షీటు. దానితోపాటు 600 × 413 ముక్క ఒకటి. రెండు పథకాల్లోనూ వాడుకున్నది షీటులో 40 శాతమే. కానీ తర్వాతి పని పొడవైన అరలైతే మొదటి పథకం బంగారం, వెడల్పాటి తలుపు రెక్క అయితే రెండోది.

అందుకే పథకాలను పోల్చేటప్పుడు నేను మూడు సంగతులు, ఇదే వరుసలో చూస్తాను. ఎన్ని షీట్లు లేదా పలకలు పడుతున్నాయి? మిగిలిన వాటిలో పెద్ద ముక్క ఎంత, అది దేనికి పనికొస్తుంది? రంపం కంచెను, అంటే చెక్కను ఆనించి తోసే అడ్డుపట్టీని, ఎన్నిసార్లు జరపాలి? మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. ఒకే వెడల్పు ముక్కలన్నీ కంచె ఒక్కసారి బిగించి వరుసగా కోస్తే అవి అచ్చు గుద్దినట్లు వస్తాయి. మధ్యలో వేరే కొలత కోసి మళ్లీ పాత కొలతకు వస్తే, ఎంత జాగ్రత్తపడినా అర మిల్లీమీటరు తేడా వచ్చే ప్రమాదం ఉంది. పెట్టె మూలలు కలవకపోవడానికి తరచుగా కారణం ఈ అర మిల్లీమీటరే. నాలుగు వేళ్ల వెడల్పు చెక్క ఆదా చేయడానికి కంచెను పదిసార్లు జరిపించే పథకం నాకొద్దు.

ముందు చీటీ సరిగా ఉండాలి

ఏ దారిలో వెళ్లినా కొలతల చీటీ ఒకటే. ముక్క పేరు, పొడవు, వెడల్పు, మందం, ఎన్ని కావాలి అన్నవి అందరూ రాస్తారు. నేను ఇంకో రెండు గడులు కలుపుతాను. ఒకటి, చెక్క నార ఏ వైపు నడవాలి, లేక ఎటైనా ఫరవాలేదా? రెండు, ఈ కొలతను 10 లేదా 20 మి.మీ. అటూ ఇటూ జరపవచ్చా? ఈ రెండో గడి అన్నిటికంటే ఎక్కువ చెక్కను మిగులుస్తుంది. ఎలాగో తర్వాత చెబుతాను. చీటీలో రాసింది పూర్తయ్యాక ఉండే కొలతో, కోసేటప్పటి కొలతో కూడా స్పష్టంగా ఉండాలి. కుసి (అతుకు కోసం ముక్క చివర చెక్కే నాలుక) బెజ్జంలోకి వెళ్లే పొడవును కలపడం మరిచిపోయి, కుర్చీ పట్టెలన్నీ పొట్టిగా కోసుకున్నవారు నా ఒక్కడినే కాకపోవచ్చు.

కాగితం చాలినప్పుడు

ముక్కలు పది పదిహేను లోపు ఉంటే నేను కంప్యూటరు తెరవను. పొడవు ఒక్కటే చూసుకోవలసిన పనుల్లో, అంటే ఒకే వెడల్పు పట్టెలు, రీపర్లు కోసేటప్పుడు, కాగితం మీద పొడవాటి గీతలు గీసి ముక్కలు పేర్చుకుంటే సరిపోతుంది. అందరికీ తెలిసిన సూత్రం 'పెద్దవాటిని ముందు పెట్టు, చిన్నవాటిని మిగిలిన సందుల్లో సర్దు'. మంచి సూత్రమే. పెట్టెలో సామాను సర్దేటప్పుడు చేసేదీ అదే. కానీ దాన్ని గుడ్డిగా పాటిస్తే దెబ్బతింటాం.

2400 మి.మీ. పలకలున్నాయి. రంపం కోత మందం 3 మి.మీ. 990 ముక్కలు రెండు, 790 రెండు, 600 రెండు కావాలి. సూత్రం ప్రకారం మొదటి పలకలో 990లు రెండూ పెడతాం. 414 మిగులుతుంది, అందులో ఇంకేదీ పట్టదు. రెండో పలకలో 790లు రెండూ, ఒక 600 పెడితే ఇంకా 211 మిగులుతుంది. ఆఖరి 600 కోసం మూడో పలక కోయాలి. ఇప్పుడు కాగితాన్ని కాసేపు తేరిపార చూడండి. 990, 790, 600 కలిపితే 2380. మూడు కోతలకు 9 మి.మీ. కలిపినా 2389. అంటే ఒక్కో పలకలో మూడు రకాలూ ఒక్కొక్కటి చొప్పున ఇముడుతాయి, రెండు పలకలతో పని అయిపోతుంది. ఈ కలయికను కంటితో పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ముక్కలు ఆరే కాబట్టి చాలు. అరవై అయితే కన్ను చాలదు.

ఈ లెక్కలో ఇంకో సంగతి కూడా దాగి ఉంది. ఒక్కో పలకలో మిగిలింది 11 మిల్లీమీటర్లే. పలక చివర చిన్న పగులున్నా, అంచు వంకరగా ఉన్నా ఈ అందమైన పథకం కూలిపోతుంది. కాగితం మీద పథకం ఎంత బిగువుగా ఉంటే, చెక్క మీద అంత పెళుసుగా ఉంటుంది.

షీట్లకు కంప్యూటరు

ఇరవై ముప్పై ముక్కలున్న వంటగది అల్మరాలు, బట్టల బీరువాలు లాంటి షీటు పనుల్లో సాఫ్ట్‌వేర్‌కు పోటీ లేదు. షీటు ఫ్యాక్టరీలో తయారైన సరుకు కాబట్టి ప్రతి షీటూ ఒకే కొలతలో, ఒకే మందంలో, ముడులూ పగుళ్లూ బెడద లేకుండా ఉంటుంది. కంప్యూటరు ఊహించుకునే ప్రపంచం కూడా సరిగ్గా అలాంటిదే. బ్రౌజరులో నడిచే కట్‌లిస్ట్ ఆప్టిమైజర్, విండోస్‌లో నడిచే మాక్స్‌కట్, స్కెచప్‌లో బొమ్మ గీసుకునేవారికి ఓపెన్‌కట్‌లిస్ట్ లాంటివి ఈ పనికే ఉన్నాయి. స్కెచప్‌లో ఇప్పటికే పని చేస్తున్నవారు ఓపెన్‌కట్‌లిస్ట్ తీసుకోవడం మేలు, కొలతలు బొమ్మలోంచి నేరుగా వస్తాయి కాబట్టి చీటీ రాయడంలో పొరపాట్లు తగ్గుతాయి. బొమ్మ గీసే అలవాటు లేనివారికి బ్రౌజరులోదే సులువు.

ఈ లెక్కకు ప్లైవుడ్‌తో పాత చుట్టరికం ఉంది. 1938లో లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వాళ్లు ఒక చిక్కుతో లియోనిద్ కాంటొరోవిచ్ అనే యువ గణితవేత్తను సంప్రదించారు. దుంగల్ని పొరలుగా ఒలిచే యంత్రాలు కొన్ని, కలప రకాలు కొన్ని. ఏ రకాన్ని ఏ యంత్రానికి ఎంత ఇస్తే ఉత్పత్తి ఎక్కువ వస్తుందన్నది ప్రశ్న. ఆయన 1939లో అచ్చు వేయించిన చిన్న పుస్తకంలో ఆ ప్రశ్నతోపాటు, కోతలో తరుగు తగ్గించే లెక్క కూడా ఉంది. 1975లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి మరొకరితో కలిపి ఇచ్చారు. పెద్ద ఎత్తున కోత లెక్కలు చేసే ఆచరణయోగ్యమైన పద్ధతిని 1961లో గిల్మోర్, గొమొరీ అనే ఇద్దరు గణితవేత్తలు ప్రచురించారు. ఇంత పెద్దవాళ్లు తలలు బద్దలు కొట్టుకున్న లెక్క ఇప్పుడు ఫోనులో కొన్ని క్షణాల్లో అయిపోతోంది.

అయితే దానికి సరైన సంగతులు చెప్పాలి. చెప్పకపోతే అది తన లోకంలో తాను లెక్కవేసి, మన లోకంలో కోయలేని పటం ఇస్తుంది. రంపం కోత మందం గడిని సున్నాగా వదిలేయడం అన్నిటికంటే సాధారణమైన పొరపాటు. నా 591 కథే అక్కడ మళ్లీ జరుగుతుంది. షీటు అంచులు దెబ్బతిని ఉంటే నాలుగు వైపులా ఎంత తీసేయాలో చెప్పాలి. 10 మి.మీ. చొప్పున తీస్తే 2440 × 1220 కాస్తా 2420 × 1200 అవుతుంది, ఇందాకటి లెక్కలన్నీ తారుమారవుతాయి. అందువల్ల షీటు చూడకముందే ఆ గడి నింపడం కంటే, అంచులు బాగున్నవి ఏరుకుని ఆ గడిని తగ్గించడం లాభం. అంచుకు పట్టీ అతికించే ముక్కల్లో పట్టీ మందాన్ని ముందే తీసేయాలి. రెండు వైపులా 2 మి.మీ. పట్టీ వేస్తే ముక్క 4 మి.మీ. తక్కువగా కోయాలి.

నార దిశ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. తిప్పుకునే స్వేచ్ఛ ఇస్తే సాఫ్ట్‌వేర్ ముక్కల్ని ఎలాగైనా తిప్పి ఇరికిస్తుంది. పటం చూడముచ్చటగా ఉంటుంది. బీరువా బిగించాక ఒక తలుపు నార నిలువుగా, పక్క తలుపు నార అడ్డంగా కనిపించినప్పుడు గానీ ఖరీదు తెలియదు. అలాగని అన్నిటికీ తాళం వేసినా నష్టమే. కంటికి కనిపించే తలుపులకు, పక్కపలకలకు నార బిగించి, లోపలి అడ్డపట్టీలు, సొరుగు పెట్టెల అడుగు చెక్కలు, రంగు వేసేసే ముక్కలు మాత్రం స్వేచ్ఛగా తిరగనివ్వండి. ఎమ్‌డీఎఫ్‌కు నార లేదు, కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.

ఇంకొకటి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగే కోతలతోనే పటం వేయమని చెప్పండి. టేబుల్ రంపం మీదా, పెద్ద షీటు రంపం మీదా కోత మధ్యలో ఆగి మలుపు తిరగదు. కంప్యూటరుతో నడిచే రూటరు యంత్రానికైతే ఆ నిబంధన అక్కర్లేదు, ముక్కల్ని ఎలాగైనా అల్లుకోవచ్చు. మీ దగ్గర ఏ పనిముట్టు ఉందో దానికి తగిన పటమే తీసుకోండి.

కలపకు సుద్దముక్క

ఇక్కడే నాకూ కంప్యూటరుకూ పేచీ. కలప పలకలు రెండు ఒకేలా ఉండవు. ఒకదాని అంచున తెల్లచెక్క, ఇంకోదాని నడుమ ముడి, మూడోది మెలితిరిగి ఉంటుంది. వాటన్నిటినీ సాఫ్ట్‌వేర్‌కు '2400 × 150, పది' అని చెప్పడమంటే పదిమంది మనుషుల్ని ఒకే కొలత చొక్కాతో సరిపెట్టడమే. లెక్కలో వచ్చిన కోత గీత సరిగ్గా ముడి మధ్యలో పడుతుంది. అప్పుడు ఆ ముక్కను పక్కకు జరిపితే తర్వాతి ముక్కలన్నీ జరుగుతాయి, ఆఖరిది పట్టదు.

నేను చేసేది ఇది. పలకలన్నీ పక్కపక్కన పరిచి, ముందు పనికిరాని చోట్లన్నీ సుద్దతో కొట్టేస్తాను. చివరల పగుళ్లు, వదులు ముడులు, పురుగు తిన్న చోట్లు. తర్వాత చీటీలో కళ్లముందు కనిపించే ముక్కల్ని తీసుకుంటాను. బల్ల పై పలకలు, తలుపు చట్రాలు. నార తిన్నగా, చేవ నిండుగా ఉన్న చోట్లు వాటికి. ఆ తర్వాత కాళ్లు, అవి పొడవైనవి కాకపోయినా నార వంకర పోకూడదు కాబట్టి. ఇక కనిపించని పట్టెలు, దాపు కర్రలు చివర. వాటిలో గట్టిగా అతుక్కున్న చిన్న ముడి ఉన్నా నష్టం లేదు. అంటే ఇక్కడ వరుస పెద్దవి ముందు, చిన్నవి తర్వాత కాదు, గౌరవం ఎక్కువైనవి ముందు. పెన్సిలు కాక సుద్ద ఎందుకంటే, గరుకు చెక్క మీద బాగా కనిపిస్తుంది, గుడ్డతో తుడిచి మళ్లీ గీయవచ్చు. నాలుగైదుసార్లు చెరిపి గీయనిదే మంచి అమరిక దొరకదు.

వంపు తిరిగిన పలకల విషయంలో లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ చాలా తేడా వస్తుంది. 2400 మి.మీ. పలక విల్లులా వంగి, నడుమ 9 మి.మీ. ఎత్తు లేచి ఉందనుకోండి. దాన్ని అలాగే చిత్రిక పట్టి చదును చేస్తే మందంలో 9 మి.మీ. పోతుంది. 32 మి.మీ. మందం పలక 23కు దిగిపోతుంది. అదే ముందు మూడు ముక్కలు కోస్తే? వంపు ఎత్తు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. పొడవు మూడో వంతయితే వంపు తొమ్మిదో వంతు. ఒక్కో 800 ముక్కలో వంపు 1 మిల్లీమీటరే, మందం 31 దాకా దక్కుతుంది. అంటే ఏ పలక వంగి ఉందో ఆ పలక చిన్న ముక్కలకు, ఏది తిన్నగా ఉందో అది పొడవైన ముక్కలకు. వెడల్పులో దోనెలా వంగిన పలకకూ ఇదే సూత్రం, ముందు నిలువుగా చీల్చి తర్వాత చదును చేయాలి. ఈ ఒక్క నిర్ణయం ఆదా చేసినంత చెక్కను ఏ సాఫ్ట్‌వేర్ శాతమూ ఆదా చేయదు. అది పొడవు వెడల్పులే చూస్తుంది, మందంలో పోయేది దానికి కనిపించదు.

దీనికీ హద్దు ఉంది. మరీ పొట్టి ముక్కల్ని చిత్రిక యంత్రంలోకి పంపడం ప్రమాదం. 300 మి.మీ. కంటే చిన్నవి కావలసి వస్తే రెండు మూడు కలిపి ఒకే తుండుగా ఉంచి, చదును చేశాకే విడదీయాలి. యంత్రం తుండు చివరల్లో కొంచెం లోతుగా కొరికే అలవాటు కూడా ఉంటుంది కాబట్టి ఆ చివరలకు అదనపు పొడవు వదలాలి. గరుకు కోతలో పొడవుకు 20 నుంచి 25 మి.మీ., వెడల్పుకు 5 నుంచి 10 మి.మీ. ఎక్కువ వదిలి, ముక్కల్ని కొన్ని రోజులు కదలనిచ్చి, తర్వాత ఆఖరి కొలతకు తేవడం నా పద్ధతి. కోసినప్పుడు లోపలి బిగువు సడలి చెక్క మళ్లీ కాస్త కదులుతుంది. ఆ అదనాన్ని వృథా అనుకుని మిగుల్చుకోబోతే ముక్క మొత్తం పోతుంది.

అందుకే కలప కొనేటప్పుడు, చీటీ మొత్తానికి పైన 20 నుంచి 30 శాతం ఎక్కువ తీసుకుంటాను. షీట్లకైతే 10 శాతం కూడా అక్కర్లేదు, పటం చెప్పినన్ని తెచ్చుకుంటే చాలు.

కాగితం, సుద్ద రెండూ కలపడం కూడా బాగా పనిచేస్తుంది. ఇంటి దగ్గర కాగితం మీద ఎన్ని పలకలు, ఏ పొడవులు అన్నది అంచనా వేసుకుని వెళ్లడం, తెచ్చాక ఆ కాగితం మడిచి పక్కన పెట్టి సుద్దతో మొదటినుంచి మొదలుపెట్టడం. కాగితం కొనడానికి, సుద్ద కోయడానికి.

కోయించి తెచ్చుకోవడం

పెద్ద షీటు రంపం ఉన్నచోట చీటీ ఇచ్చి కోయించుకుంటే శ్రమ తగ్గుతుంది, అంచులు నిక్కచ్చిగా వస్తాయి. ఇంట్లో సర్క్యులర్ రంపం మాత్రమే ఉన్నవారు నిండు షీటుతో కుస్తీ పట్టడం కంటే ఇది నయం. కానీ పటం మీరే వేసుకుని వెళ్లండి. వాళ్లకు త్వరగా అయ్యే పద్ధతికీ, మీకు పెద్ద ముక్క మిగిలే పద్ధతికీ సంబంధం ఉండనక్కర్లేదు. వెళ్లేముందు వాళ్ల రంపం కోత మందం అడిగి పటంలో ఆ అంకె వేయండి. మిగిలిన ముక్కలు కూడా మీవే అని మొదటే మాట్లాడుకోండి.

ఒకదానికొకటి అతికే ముక్కలు, ఉదాహరణకు సొరుగు పెట్టెల పలకలు, అక్కడ ఆఖరి కొలతకు కోయించవద్దు. పెద్ద కోతలు అక్కడ, అమరికకు సంబంధించిన కోతలు ఇంట్లో. ప్లైవుడ్ అసలు మందం చెప్పిన మందం కంటే అర మిల్లీమీటరు తక్కువ ఉండటం సాధారణం. చట్రం బిగించాక కొలిస్తే తప్ప సొరుగు సరైన వెడల్పు తెలియదు. కలపను మాత్రం ఎవరిచేతా ఆఖరి కొలతకు కోయించను. పలకను నా కళ్లతో చూసి సుద్ద గీయాలి.

కొలత మార్చడం అన్నిటికంటే పెద్ద ఆదా

ఇందాక చీటీలో చెప్పిన రెండో గడికి వద్దాం. అర లోతు 305 మి.మీ. అని రాసుకున్నారనుకోండి. 1220 వెడల్పు షీటులో 305లు నాలుగు అనిపిస్తుంది. మధ్యలో మూడు కోతలు కాబట్టి మూడే వస్తాయి, నాలుగోది 295 దగ్గర ఆగిపోతుంది. అదే 300 అని రాసుకుంటే నాలుగు పట్టీలూ వచ్చి ఇంకా 7 మి.మీ. సన్నటి పీలిక మిగులుతుంది. 5 మి.మీ. లోతు తగ్గితే పుస్తకానికి తెలియదు, షీటుకు మాత్రం నాలుగో వంతు తేడా. అల్మరా లోతు 610 కాక 600 అనుకోవడం కూడా ఇలాంటిదే.

మరో ఉదాహరణ. 1800 ఎత్తు, 800 వెడల్పు, 300 లోతు పుస్తకాల బీరువా, చెక్క మందం 18 మి.మీ. పక్కపలకలు 1800 × 300 రెండు, అరలూ పైకప్పూ అడుగూ కలిపి 764 × 300 ఆరు. నాలుగు 300 పట్టీలు చీల్చి, రెండింటిలో పక్కపలకలు, మిగతా రెండింటిలో మూడేసి అరలు. ఒక్క షీటులో పని అయిపోతుంది. మిగిలేవి 636 × 300 ముక్కలు రెండు, 138 మి.మీ. తుండ్లు రెండు. వాడకం 82 శాతం, పొగుడుకోవచ్చు.

ఇప్పుడు బీరువా వెడల్పు 666కు తగ్గిస్తే అర 630 అవుతుంది. ఇందాక ఊరకే మిగిలిన 636 ముక్కల్లోంచే రెండు అరలు వచ్చేస్తాయి. మూడో పట్టీ మూడు అరలిస్తుంది. నాలుగో పట్టీలో ఒక్క అర తీసేస్తే 1806 × 300 పలక చెక్కుచెదరకుండా మిగులుతుంది. శాతం చూస్తే వాడకం 74కు పడిపోయింది. నా చేతిలో మాత్రం ఇంకో బీరువాకు పక్కపలక సిద్ధంగా ఉంది. గోడ 800 కోరుతుంటే ఇలా చేయమనను. కోరకపోతే, గీసిన బొమ్మ మీద మమకారం పెట్టుకోకుండా షీటు ఏ కొలతను ఇష్టపడుతుందో కూడా ఒకసారి అడిగి చూడాలి.

సన్న రంపం కొంటే ఆదా అవుతుందా?

చాలామంది ఇక్కడే డబ్బు పెడతారు, నా దృష్టిలో ఆఖరున ఆలోచించాల్సిన సంగతి ఇది. మామూలు టేబుల్ రంపం బ్లేడు 3.2 మి.మీ. తింటుంది, సన్న రకం 2.4, బ్యాండ్ సా (పొడవాటి పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం) ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల. షీటులో ఐదారు కోతలకు ఈ తేడా నాలుగైదు మిల్లీమీటర్లే. సన్నటి పట్టీలు చాలా తీసేటప్పుడు మాత్రం లెక్క మారుతుంది. 150 మి.మీ. పలకలోంచి 10 మి.మీ. పట్టీలు తీస్తే 3.2 బ్లేడుతో 11 వస్తాయి, 1 మి.మీ. కోతతో 13. కానీ బ్యాండ్ సా కోత గరుకుగా ఉంటుంది. చదును చేయడానికి ఒక్కోదానికి ఒకటిన్నర మిల్లీమీటరు కలిపి కోస్తే 12కు వచ్చి ఆగుతాం. లాభం ఒక్క పట్టీ. పైగా సన్న బ్లేడు మందమైన చెక్కలో వణికితే కోత వంకరపోతుంది, దాన్ని సరిచేయడానికి మళ్లీ చెక్క పోతుంది.

పొడవైన పలకలు కొనాలా, పొట్టివా అన్న ప్రశ్నకు జవాబు చిన్నదే. ప్రతి పలకకూ రెండు చివరలుంటాయి, ప్రతి చివరా కొంత తీసేయాలి. 25 మి.మీ. చొప్పున తీస్తే 4800 పలక ఒకటి 50 కోల్పోతుంది, 2400 పలకలు రెండు 100 కోల్పోతాయి. పొడవైనదాంట్లో ముక్కల కలయికలూ ఎక్కువ దొరుకుతాయి. కానీ వంపు కూడా పొడవుతో పెరుగుతుందని ఇందాకే చూశాం. ముక్కలన్నీ మీటరు లోపు ఉన్న పనికి తిన్నటి పొట్టి పలకలే తీసుకుంటాను.

మిగిలిన ముక్కల మీద కొలత, కలప రకం, నార దిశ బాణం గుర్తు రాసి పెడతాను, కొత్త చీటీ రాయగానే ముందు వాటిలోనే వెతుకుతాను. సాఫ్ట్‌వేర్ వాడితే వాటిని కూడా సరుకు జాబితాలో చేర్చవచ్చు, అది నిండు షీటు జోలికి పోకముందు వాటిని వాడిచూస్తుంది. గట్టి కలపలో 300 మి.మీ. కంటే పొట్టివి, షీటులో చేతి వెడల్పు కంటే సన్నవి దాచను. ఒకప్పుడు అన్నీ దాచేవాడిని. తుండ్ల గుట్ట వెనక ఏముందో తెలియక, అక్కడ ఉన్న చెక్కనే మళ్లీ కొని తెచ్చిన రోజున గుట్టలో సగం పొయ్యిలోకి పంపాను.